రెండో మాట

మిల్లు పేటలో ఒక్కసారి అన్న మాటకు విలువ లేదు. అక్కడివాళ్ళు మొండివాళ్ళని కాదు, చెవిటివాళ్ళు అంతకన్నా కాదు. పేట నట్టనడుమ కలప కోసే మిల్లు ఉంది. దాని రంపం పొద్దున మొదలుపెడితే దీపాల వేళ దాకా కీచుమంటూనే ఉంటుంది. ఆ రొదలో మొదటిసారి అన్న మాట, ఎవరో ఏదో అన్నారని తెలియడానికే సరిపోతుంది. ఏమన్నారో తెలియాలంటే మళ్ళీ అనాల్సిందే. అందుకే తాతల నాటి నుంచి మిల్లులో ఒక కట్టుబాటు ఉంది. మేస్త్రి "కట్" అంటే ట్రాలీ మనిషి తల ఎత్తి చూస్తాడు. "కట్ కట్" అంటేనే దుంగ ఉన్న ట్రాలీని రంపం మీదికి తోస్తాడు. మొదటిది చెవికి, రెండోది చేతికి అంటారు అక్కడ.

ఈ అలవాటు మిల్లు గేటు దాటి ఇళ్ళలోకీ వచ్చేసింది. రా రా, తిన్నా తిన్నా, సరే సరే. పిల్లనిస్తారా అని అడిగితే "ఇస్తాం" అని ఊరుకున్నారంటే ఆ సంబంధం తప్పిపోయినట్టే, ఇంకో గుమ్మం చూసుకోవాలి.

బయటివాళ్ళకి ఇదంతా నవ్వులాట. సినిమాల్లో పేట మనిషి కనబడ్డాడంటే వాడు తాగుబోతన్నా అయ్యుంటాడు, తన్నులు తినే బంట్రోతన్నా అయ్యుంటాడు. వాడు నోరు తెరిచి ఒక మాట రెండుసార్లు అనాలి, హాలంతా పడీ పడీ నవ్వాలి. నవ్వేవాళ్ళ సొమ్మేం పోయింది.

ఆ నవ్వుకి ఎప్పటికైనా జవాబు చెప్పాలని పేటలో ఒక పిల్ల పంతం పట్టింది. పిల్లంటే మరీ పిల్లేం కాదు, ముప్పై దాటాయి. పేటంతా ఆమెని "సినిమా" అనే పిలుస్తుంది. "సినిమా సినిమా, ఇటు రా రా" అని. అసలు పేరు బడి రికార్డుల్లోనే మిగిలిపోయింది. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లితో పాటు మేనమామ ఇంటికి చేరింది. ఆ మేనమామే మిల్లులో కోత మేస్త్రి. ఆయనే పెంచాడు, ఆయనే పెద్ద ఊళ్ళో కాలేజీకి పంపాడు. కాలేజీలో మొదటిసారి హాజరు పిలిచినప్పుడు ఆమె "ఉన్నా ఉన్నా" అంది. క్లాసు క్లాసంతా గొల్లుమంది. ఆనాటి నుంచి రెండో మాటని పళ్ళ మధ్య నొక్కిపెట్టడం నేర్చుకుంది. బాగానే నేర్చుకుంది. చదువు, ఊళ్ళు, ఉద్యోగాలు అన్నీ అయ్యి కెమెరా పట్టుకుని పేటకి తిరిగొచ్చాక కూడా, కొత్త మనిషి ఎదురైతే చాలు ఆ పళ్ళు వాటంతటవే బిగుసుకునేవి.

ఆమె తీస్తున్న సినిమా కథ చెప్పాలంటే చిన్నదే. పేట మేస్త్రి ఒకడు పని కోసం వేరే ఊరు వెళ్తాడు. అక్కడందరూ అతని మాటకి నవ్వుతారు. నవ్వగా నవ్వగా అతను మాట్లాడటమే మానేస్తాడు. మూగవాడిలా పేటకి తిరిగొస్తాడు. పెళ్ళాం అడిగినా పలకడు, కొడుకు అడిగినా పలకడు. చివరికి మిల్లులో రంపం పక్కన నిలబడి "కట్ కట్" అంటాడు. అంతే, ఆ రెండో "కట్" దగ్గర సినిమా అయిపోతుంది.

మేస్త్రి వేషం మామయ్యదే. మూగవాడి వేషమంటే ఆయనకి పెద్ద కష్టమేం కాలేదు, ఇంట్లో మాట్లాడేదంతా అత్తయ్యే కనుక. సినిమాకి పనిచేసింది కూడా పేటవాళ్ళే. వడ్రంగి పాత ట్రాలీ చక్రాలతో కెమెరాకి బండి చేశాడు. దర్జీ నల్ల తెరలు కుట్టాడు. అత్తయ్య బూజు కర్ర చివర మైకు కట్టుకుని, చేతులు లాగేస్తున్నా దించకుండా పట్టుకునేది. సెలవు రోజున అందరూ మిల్లు షెడ్డులో కూర్చుని, అప్పటిదాకా తీసింది దుప్పటి మీద వేసుకుని చూసేవారు. ఎవరైనా సరే "చాలు చాలు" అంటే ఆ ముక్క తీసెయ్యాలి. ఎందుకని అడగకూడదు. అది ఒప్పందం.

ఇంకో ఒప్పందం కూడా ఉంది. అది పెట్టింది అత్తయ్య. "చూడమ్మాయ్, మీ సినిమావాళ్ళు ఆపమనడానికి కట్ అంటారట. మిల్లులో నువ్వా మాట అన్నావంటే మీ మామయ్య చేతులు ఉండవు ఉండవు" అంది. నిజమే మరి. ఒకరికి ఆపమనే మాట, ఇంకొకరికి కొయ్యమనే మాట. అందుకని షెడ్డులో "కట్" అనే హక్కు మేస్త్రి ఒక్కడికే మిగిల్చారు. షాటు మొదలుపెట్టాలంటే "కానీ కానీ", ఆపాలంటే "చాలు చాలు". ఎవరన్నా సరే, రెండుసార్లు.

ఇంతవరకూ బాగానే ఉంది. గొడవంతా చానెల్ ఆయనతో వచ్చింది.

సినిమా తీయగానే సరా, చూపించేవాడు ఉండాలి కదా. ఆమె తీసిన ముక్కలు కొన్ని చాలామందికి పంపింది. అందరూ నోరు మెదపకుండా ఊరుకున్నారు. పలికింది ఒక్క చానెల్ మాత్రమే. అక్కడ సినిమాలు కొనే ఆయన ఫోన్ చేశాడు. మంచి గొంతు, మంచి మర్యాద. కానీ ఆయన మెప్పుకి ఎప్పుడూ ఒక తోక ఉంటుంది.

"చాలా బావుందండి. కానీ," అన్నాడు, "ఈ రెండేసిసార్లు అనడం మాత్రం ప్రేక్షకులు భరించలేరు. నవ్వుతారు. కథేమో నవ్వించేది కాదాయె. డబ్బింగ్‌లో రెండో మాటలన్నీ తీసేద్దాం. చివరి సీను ఇంకా తీయలేదన్నారుగా, అదైనా ఒక్కసారి అనేలా తీయండి. నేను వచ్చి చూస్తా. ఏమంటారు?"

ఏమంటుంది? రెండో మాట తీసేస్తే ఆ సినిమాలో మిగిలేది రంపపు పొట్టే. కాదంటే సినిమా పెట్టెలో పడి ఉంటుంది. పేటవాళ్ళేమో ఎదురుపడ్డప్పుడల్లా "ఎప్పుడొస్తుంది ఎప్పుడొస్తుంది" అని ప్రాణం తీస్తున్నారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఒకటుంది, మిగతా సగం మీకు తెలిసిందే. ఆమె ఫోన్‌లో "సరే" అంది. ఆ సంగతి పేటలో ఎవరికీ చెప్పలేదు.

చివరి సీను తీసే రోజు మిల్లుకి సెలవు. షెడ్డులో తాడు కట్టి, దాని వెనక పేటవాళ్ళని నిలబెట్టారు. చానెల్ ఆయన కారు దిగి, చొక్కాకి పొట్టు అంటకుండా ఒద్దికగా నడిచొచ్చి కెమెరా పక్కన కుర్చీలో కూర్చున్నాడు.  సినిమా, మామయ్య రంపానికి నూనె వేస్తుంటే ఆయన దగ్గరికి వెళ్ళింది.

"మామయ్యా, ఒక చిన్న మార్పు. ఇవాళ ఒక్కసారే అను."

"ఏది?"

"కట్ అనేది. ఒక్కసారి అంటే చాలు."

మామయ్య నూనె డబ్బా కింద పెట్టి ఆమె వైపు చూశాడు. "రెండోది మీద కదా నీ కథంతా. నువ్వే చెప్పావు."

"ఇలా అయితే ఇంకా బావుంటుంది."

"ఎవరికి?"

 మామయ్య కుర్చీలో ఉన్నాయన్ని చూశాడు, మేనకోడల్ని చూశాడు, చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"సరే," అన్నాడు.

ఒక్కసారే అన్నాడు. ఆమెకి వినబడింది. రెండోది రాలేదని కూడా వినబడింది. పేటలో పుట్టిన మనిషికి అది వినబడకుండా ఎలా ఉంటుంది? వినబడనట్టు నటించింది. ఆ రోజు షెడ్డులో మొదట నటించింది ఆమే.

ట్రాలీ దగ్గర బావ ఉన్నాడు, మామయ్య కొడుకు. సినిమాలోనూ కొడుకే. ఆమె చెప్పింది విని తల గోక్కున్నాడు.

"రెండోది లేకపోతే నేనెప్పుడు తొయ్యాలి?"

"ఒక్కదానికే తోసెయ్ బావా. ఇవాళ్టికే."

"మొదటి మాటకే కదిలే మగాడు కావాలా నీకు? ఈ పేటలో దొరకడు దొరకడు," అని నవ్వాడు.

ఆమెకి నవ్వు రాలేదు. రంపం తిప్పకుండానే రిహార్సల్ చేయించింది. మామయ్య "కట్" అంటాడు, బావ కదలడు. పుట్టినప్పటి నుంచి రెండో మాటకి కదిలిన చేతులాయె. "కట్." తల ఎత్తాడు. "కట్." భుజం కదిలింది, చెయ్యి కదల్లేదు. చెయ్యగా చెయ్యగా, బతిమాలగా బతిమాలగా, చివరికి మొదటి మాటకే ట్రాలీ ఠక్కున కదిలింది. చానెల్ ఆయన కుర్చీలోంచే చప్పట్లు కొట్టాడు. మామయ్య మాత్రం కొడుకు చేతుల వంక అదోలా చూశాడు. అత్తయ్య బూజు కర్ర భుజానికి ఆనించుకుని, "ఇదేం బాగాలేదమ్మాయ్, బాగాలేదు" అంది. సినిమా ఆ మాట విననట్టే కెమెరా బండి వెనక్కి వెళ్ళిపోయింది.

రంపం మొదలైంది. షెడ్డు రేకులు అదిరాయి.

"కానీ కానీ," అంది సినిమా. ఎంత నొక్కిపెట్టినా ఆ రెండోది ఇంకా అలవాటుగా వచ్చేస్తోంది. పక్కనున్న ఆయన చిన్నగా నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు, మూతి చివర మాత్రమే. ఆమెకి మొహం మీద ఎవరో చన్నీళ్ళు కొట్టినట్టయింది.

మామయ్య కథలో ఉన్నట్టే దుంగ దగ్గరికి వచ్చాడు. బెరడు తడిమాడు. తడిమి వెనక్కి జరిగి, కాసేపు ఊరుకుని, అప్పుడు మాట అనాలి. కానీ తడుముతుంటే వేలికి ఏదో తగిలినట్టుంది. బెరడులో రాయి ఇరుక్కుంది. రాయి మీద రంపం పడితే పళ్ళు విరిగి మనుషుల మీదికి ఎగురుతాయి. సినిమా అయితేనేం, మరొకటైతేనేం, ఏ మేస్త్రీ దాన్ని వదిలెయ్యడు. మామయ్య రంపానికీ దుంగకీ మధ్యకి వంగి, గోళ్ళతో ఆ రాయిని పెకలించబోయాడు. ఇది కథలో లేదు.

"ఇదేంటండి, ఏదో గీకుతున్నాడు," అన్నాడు చానెల్ ఆయన ఆమె చెవి దగ్గర. "ఆపండి, మళ్ళీ తీద్దాం."

నిజంగానే ఆపాలి. సినిమా నోరు తెరిచింది. "చాలు చాలు" అని నాలుక చివరిదాకా వచ్చింది. ఇందాకటి మూతి చివరి నవ్వు గుర్తొచ్చింది. పళ్ళు బిగుసుకున్నాయి. పెద్ద ఊళ్ళో, పెద్ద షూటింగుల్లో, పెద్దమనుషులు అనే మాట ఒకటి ఆమె నోట్లో సిద్ధంగా ఉంది.

"కట్," అంది గట్టిగా.

ట్రాలీ కదిలింది.

బావ తప్పేం లేదు. పొద్దుటి నుంచి ఆమె నేర్పిందే చేశాడు. దుంగ అడ్డుగా ఉండి తండ్రి వంగినది కనబడలేదు. రంపం రొదలో ఆడగొంతో మగగొంతో ఎవడికి తెలుస్తుంది? దుంగ మామయ్య చేతిని ముందుకి నెట్టుకుంటూ రంపం మీదికి వెళ్ళింది. అత్తయ్య పెట్టిన కేక ఆ రొదలో కూడా వినబడింది. బూజు కర్ర కింద పడింది. మామయ్య ఒళ్ళంతా వెనక్కి విసిరాడు. చొక్కా చెయ్యి రంపం పళ్ళకి చిక్కుకుంది, చర్రున చిరిగింది, ఆయన పొట్టు కుప్ప మీద వెల్లకిలా పడ్డాడు. వడ్రంగి తాడు దూకి వచ్చి స్విచ్చు కొట్టాడు.

రంపం తిరిగీ తిరిగీ ఆగింది.  తన కాళ్ళు మామయ్య దగ్గరికి తీసుకెళ్తాయేమోనని సినిమా ఎదురుచూసింది, అవి కదల్లేదు. మామయ్య లేచి కూర్చున్నాడు. కుడిచెయ్యి పైకెత్తి వేళ్ళు ముడిచి, తెరిచి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. మోచేతి దగ్గర దోక్కుపోయి నెత్తురు వచ్చింది, అంతే. చొక్కా చెయ్యి మాత్రం రంపం పళ్ళకి వేలాడుతోంది. బావ ట్రాలీ పక్కనే చతికిలబడి, "ఒక్కదానికే తోశా నాన్నా, ఒక్కదానికే తోశా" అని అదే మాట అంటూ ఉన్నాడు. అత్తయ్య మొగుడి చెయ్యి పట్టుకుని ఒక్కొక్క వేలే నొక్కి చూస్తోంది.

మామయ్య మేనకోడలి వైపు తిరిగాడు.

"చాలు," అన్నాడు.

తాడు వెనక ఒక్కరు కూడా కదల్లేదు. అందరికీ ఒప్పందం తెలుసు. ఆయన కనబడని ముక్క ఈ కథలో లేదు, ఇంకొక్కసారి ఆ మాట అంటే ఇప్పటిదాకా తీసిందంతా పోయినట్టే. ఎందుకని అడగకూడదు. సినిమా ఆయన పెదాల వంకే చూస్తూ నిలబడింది. కాలేజీ, ఊళ్ళు, తిరిగిన గుమ్మాలు అన్నీ ఆ పెదాల మీద ఆగి ఉన్నాయి. ఆయన అన్నా న్యాయమేనని కూడా ఆమెకి అనిపించింది.

ఆ సందులో చానెల్ ఆయన లేచాడు. పాపం, ఆయన మొహం కూడా పాలిపోయింది. "దేవుడి దయ, ఏం కాలేదు," అన్నాడు. "కాసేపు అందరూ కూర్చుని మంచినీళ్ళు తాగండి. కానీ ఒకటి. రిహార్సల్‌లో ఒక్కసారి అన్నారు చూడండి, అది చాలా బావుంది. అలాగే ఉంచుదాం. రెండో మాటలన్నీ తీసేద్దామని మీరు ఎలాగూ సరే అన్నారు కదా."

అత్తయ్య తల ఎత్తింది. "ఏం తీసేస్తారు? ఎవరు సరే అన్నారు?"

తాడు వెనక దర్జీ వడ్రంగిని చూశాడు, వడ్రంగి సినిమాని చూశాడు. ఇక దాచడానికి ఏముంది?

"నేనే అత్తయ్యా," అంది. "సినిమాలో మన రెండో మాటలన్నీ తీసేస్తామన్నారు. అలా అయితేనే చూపిస్తామన్నారు. నేను ఫోన్‌లో సరే అన్నా. మీకెవరికీ చెప్పలేదు. అందుకే ఇవాళ మామయ్యని ఒక్కసారి అనమన్నా."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బావుండేది. అత్తయ్య మొగుడి మోచేతి నెత్తురు తన కొంగుతో తుడుస్తూ తల దించుకుంది. నోరు లేవనిది ఆవిడకి అదే మొదటిసారి. సినిమాకి అరికాలి మంట నెత్తికెక్కింది. కోపం చానెల్ ఆయన మీద కాదు. తన పళ్ళ మీద, ఆనాటి క్లాసు మీద, ఇందాక చిన్న నవ్వుకి జడిసి మేనమామ చెయ్యి రంపం ముందు పెట్టిన తన సిగ్గు మీద.

ఆయన వైపు తిరిగింది.

"సరే అన్నానండి, కాదనను. కానీ ఒక్కసారే అన్నా. మా పేటలో అది లెక్కలోకి రాదు."

ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం బిగిసింది. "ఇంకెవరూ తీసుకోరండి దీన్ని. కోపంలో ఉన్నారు. నిదానంగా ఆలోచించుకోండి."

"ఆలోచించా," అంది. ఎప్పటిలాగే పళ్ళు బిగుసుకోబోయాయి. వాటిని విడదీసింది. "ఆలోచించా."

కొత్త మనిషి ముందు, ఇన్నేళ్ళకి, రెండోది బయటికొచ్చింది. ఎవరూ నవ్వలేదు.  చానెల్ ఆయన వచ్చినంత ఒద్దికగానే పొట్టు తొక్కకుండా నడుచుకుంటూ కారెక్కాడు. కారు మలుపు తిరిగేదాకా అందరికీ దాని చప్పుడు వినబడింది. రంపం ఆగి ఉంది కదా.

సినిమా కాళ్ళు అప్పుడు కదిలాయి. పొట్టులో మామయ్య ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఏడవకూడదనుకుంది, ఆగలేదు.

"తప్పు నాది మామయ్యా, తప్పు నాది. నువ్వు రెండోది అను, కెమెరా మూసేస్తా. ఎందుకని అడగను, అడగను."

 మామయ్య అత్తయ్య చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుని లేచాడు. రంపం దగ్గరికి వెళ్ళి, పళ్ళకి వేలాడుతున్న చొక్కా చెయ్యి ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ట్రాలీని వెనక్కి లాగి, వంగి, బెరడులో ఇరుక్కున్న ఆ రాయిని వేలితో పెకలించి అవతల పారేశాడు. కొడుకుని భుజం పట్టి లేపి ట్రాలీ దగ్గర నిలబెట్టాడు.  కొడుకు చేతుల మీద తన చేతులు వేసి కాసేపు అలాగే ఉంచాడు.

"ఎన్నోదానికి తోస్తావురా?" అన్నాడు.

"రెండోదానికి, రెండోదానికి," అన్నాడు బావ.

మామయ్య వచ్చి రంపం పక్కన, సీనులో తను నిలబడాల్సిన చోట నిలబడ్డాడు. ఒక చెయ్యి లేని చొక్కాతోనే. వడ్రంగికి సైగ చేశాడు. రంపం మళ్ళీ కూత మొదలుపెట్టింది. అత్తయ్య కిందపడ్డ బూజు కర్ర తీసి, మైకు మీద పొట్టు ఊదుకుని పైకెత్తింది. సినిమా పరుగున వెళ్ళి కెమెరా వెనక నిలబడింది.  మొదలుపెట్టమనే మాట తను అనాలి, ఆ అర్హత తనకి ఉందో లేదో తెలియడం లేదు.

మామయ్య ఆమె వైపు చూశాడు. రొదలో ఆయన పెదాలు కదలడం కనబడింది.

"కానీ," అన్నాడు.

షెడ్డంతా ఊపిరి బిగబట్టింది. ఆ మాట ఒక్కటే అయితే అది అడ్డు. చానెల్ ఆయన ప్రతి మెప్పుకీ తోకలా తగిలించిన మాటే అది. చెయ్యి పోబోయిన మనిషికి ఆ మాత్రం అడ్డు చెప్పే హక్కు ఉంది. సినిమా కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, రెండో మాట కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

"కానీ," అన్నాడు మామయ్య.